బండి సందేహాలు: రంగు వేయించాక ఎడమ ఇండికేటరు మొరాయించింది

ప్రశ్న: మా నాన్నగారు 1984లో కొన్న యెజ్డీ 250ని నేను ఇప్పటికీ నడుపుతున్నాను. ఆరు ఓల్టుల బండి. రెండు నెలల కిందట ఫ్రేముకూ మడ్‌గార్డులకూ కొత్తగా రంగు వేయించాను. అప్పటి నుంచి కుడి ఇండికేటర్లు సక్రమంగా వెలిగి ఆరుతున్నాయి గానీ, ఎడమకు స్విచ్చి వేస్తే ముందుది ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, వెనకది కనీకనపడనంత మసకగా ఉంటుంది. మెకానిక్కు రెండుసార్లు ఫ్లాషరు (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పరికరం) మార్చినా ఫలితం లేదు. ఇప్పుడు వైరింగు మొత్తం మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, తుమ్మలపెంట, కావలి మండలం

జవాబు: వైరింగు మార్పించవద్దు. మూడో ఫ్లాషరు కూడా కొనవద్దు. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. బ్యాటరీ, ఫ్యూజు, ఫ్లాషరు, ఈ మూడూ రెండు వైపులకూ ఉమ్మడి సరుకు. కుడి వైపు సరిగ్గా పనిచేస్తున్నదంటే ఆ మూడూ బాగున్నట్టే లెక్క. స్విచ్చి దాటిన తరువాత ఎడమ వైపుకు మాత్రమే చెందినవి ఒక వైరు, రెండు బల్బులు, రెండు హోల్డర్లు, వాటి ఎర్తు (బల్బు నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారి) మాత్రమే. అందులోనూ ముందు బల్బు నిండుగా వెలుగుతున్నది కనుక ఎడమ వెనక ఇండికేటరు ఒక్కటే మిగిలింది. రంగు వేయించిన తరువాతే మొదలైందన్నారు కాబట్టి నా అనుమానమంతా దాని ఎర్తు మీదనే.

వెనకది పాడైతే ముందుది ఎందుకు ఆరడం లేదని మీకు సందేహం రావచ్చు. పాత తరహా ఫ్లాషరులో బల్బులకు వెళ్లే కరెంటే లోపలి లోహపు పట్టీని వేడి చేస్తుంది. పట్టీ వేడెక్కి వంగినప్పుడు కలయిక విడిపోయి దీపాలు ఆరిపోతాయి, చల్లారి యథాస్థితికి రాగానే మళ్లీ వెలుగుతాయి. నిమిషానికి 60 నుంచి 120 సార్లు ఇలా జరగాలి. ఆరు ఓల్టుల మీద 18 వాట్ల బల్బు 3 యాంపియర్లు తీసుకుంటుంది, అంటే జతకు 6. వెనక బల్బుకు ఎర్తు అందకపోతే ఫ్లాషరు గుండా దాదాపు సగం కరెంటే పోతుంది. పట్టీ వంగేంత వేడి పుట్టదు కనుక ముందు దీపం వెలుగుతూనే ఉండిపోతుంది. ఫ్లాషరు ఎన్నిసార్లు మార్చినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే లోపం దానిలో లేదు.

మీ బండిలో ఇండికేటరు బల్బుకు వచ్చే వైరు ఒక్కటే ఉంటే, తిరుగు దారి హోల్డరు ఒంటి నుంచి ఇండికేటరు కాడ, కాడ నుంచి దాన్ని బిగించిన పట్టీ, పట్టీ నుంచి ఫ్రేము మీదుగా బ్యాటరీకి చేరుతుంది. రంగు వేసేవారు అందం కోసం ఆ పట్టీని అన్ని వైపులా, బోల్టు కన్నం చుట్టూ కూడా, మందంగా పూస్తారు. రంగు కరెంటును పోనివ్వదు. బోల్టు మరలు ఎక్కడో ఒక చోట రంగును గీరితే ఆ సన్నని తావు గుండా కాస్త కరెంటు జారి బల్బు మసకగా వెలుగుతుంది. కుడి వైపు బోల్టు బిగించేటప్పుడు రంగు లేచిపోయి ఉంటుంది, ఎడమ వైపు లేచి ఉండదు.

ఊహ మీద పని చేయకుండా ముందు పరీక్షించండి. రెండు గజాల వైరు తీసుకుని, ఒక కొనను బ్యాటరీ ఎర్తు టెర్మినలుకు గట్టిగా కట్టండి. అది మీ బండిలో నెగెటివా, పాజిటివా అన్నది ఫ్రేముకు బిగించిన వైరును పట్టుకుని కళ్లతో చూసి తేల్చుకోండి, ఎందుకంటే పాత బ్రిటిష్ బండ్లు చాలా వాటిలో పాజిటివే ఎర్తు. ఎడమ ఇండికేటరు స్విచ్చి వేసి, వెనక ఇండికేటరు మీది అద్దపు మూత విప్పి, వైరు రెండో కొనను బల్బు హోల్డరు లోహపు ఒంటికి తాకించండి. బల్బు ఒక్కసారిగా ప్రకాశంగా వెలిగి, రెండు దీపాలూ లయగా వెలిగి ఆరడం మొదలైతే ఎర్తే దోషి. మల్టీమీటరు ఉన్నవారు నల్ల మొనను బ్యాటరీ ఎర్తుకూ ఎర్ర మొనను హోల్డరు ఒంటికీ పెట్టి, దీపం వేసి ఉండగా చూడండి. 0.2 ఓల్టు లోపు ఉంటే ఎర్తు బాగున్నట్టు. రెండు మూడు ఓల్టులు చూపిస్తే అంత మేరా దారిలోనే పోతున్నట్టు.

దీనికి మందు పది నిమిషాల పని. ఫ్యూజు తీసేసి, ఇండికేటరు కాడ నట్టు విప్పండి. కన్నం చుట్టూ వాషరు కూర్చునే మేర మాత్రమే ఉప్పుకాగితంతో రంగు గీకి లోహం మెరిసేలా చేయండి. పళ్ల అంచున్న స్టార్ వాషరు వేసి బిగించి, బిగించిన తరువాత పైన కాస్త వాజిలిన్ పూయండి. కొత్త రంగును గీకడానికి మనసొప్పకపోతే, నిజానికి నాకు నచ్చే పద్ధతి వేరే ఉంది. హోల్డరు ఒంటి నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైరు ఒకటి కాడ లోపలి నుంచి తెచ్చి, రింగు టెర్మినలు పెట్టి బ్యాటరీ ఎర్తు బోల్టు కిందనే బిగించండి. నాలుగు ఇండికేటర్లకూ ఇలా చేస్తే తుప్పుతో, రంగుతో ఇక పని ఉండదు.

మీది సముద్రపు ఒడ్డు ఊరు. ఉప్పు గాలికి రాగి తీగ మీద పచ్చని చిలుము, ఇత్తడి హోల్డరులో తెల్లని పొడి పట్టడం మీ ప్రాంతంలో మామూలే. తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు కొన్నాళ్లకే లోపల నల్లబడుతుంది. కనుక అతుకులను టంకం వేయించి గొట్టం తొడిగించండి. ఆరు ఓల్టుల బండికి ఈ శ్రద్ధ మరీ అవసరం. జతకు 6 యాంపియర్లు పోయే దారిలో ఓములో పదో వంతు అడ్డు ఉన్నా 0.6 ఓల్టు, అంటే ఉన్నదాంట్లో పదో వంతు, పోతుంది. ఫిలమెంటు బల్బుకు ఓల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు సుమారు మూడో వంతు తగ్గుతుంది. పది వాట్ల బల్బులున్న పన్నెండు ఓల్టుల బండిలో అదే అడ్డుకు పోయేది ఓల్టులో ఆరో వంతే, దాన్ని కన్ను పట్టదు. పాత బండ్ల దీపాలు మసక అని అందరూ అంటారు గానీ, చాలా వాటిలో తప్పు చిలుముదే, బండిది కాదు.

ఒక్క మాట మిగిలింది. ఎర్తు వైరు తాకించి చూసినా వెలుగు పెరగకపోతే బల్బు తీసి దాని టోపీ మీద చెక్కిన అంకెలు చదవండి. పన్నెండు ఓల్టుల బల్బును పొరపాటున ఆరు ఓల్టుల బండిలో పెడితే అచ్చం ఇలాగే మసకగా వెలుగుతుంది. పాత వైరింగును మాత్రం పారేయవద్దు. యెజ్డీలు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది 1996లో. అసలు రంగుల వైర్లు ఉన్నంత కాలం ఏ మెకానిక్కయినా పటం చూసి దారి పట్టుకోగలడు. చేతికి దొరికిన రంగు వైర్లతో కొత్తగా అల్లితే ఆ తరువాత లోపం వెతకడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: నాది ఆర్‌ఎక్స్ 100. నాలుగు ఇండికేటర్లకూ ఎల్ఈడీ బల్బులు వేయించి, ఎలక్ట్రానిక్ ఫ్లాషరు కూడా పెట్టించాను. ఇప్పుడు ఏ వైపు స్విచ్చి వేసినా నాలుగూ కలిసి వెలిగి ఆరుతున్నాయి. నా బండి మీటరులో ఇండికేటరుకు ఒకే దీపం ఉంది. స్విచ్చి మార్చాలా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: స్విచ్చిలో దోషం లేదు, మీటరులోని ఆ ఒక్క దీపం దగ్గరే ఉంది. దాని ఒక కొన ఎడమ వైరుకు, రెండో కొన కుడి వైరుకు కలిపి ఉంటుంది. దానికి సొంత ఎర్తు ఉండదు. ఎడమ స్విచ్చి వేసినప్పుడు కరెంటు ఆ చిన్న దీపం గుండా కుడి వైరులోకి పోయి, కుడి బల్బుల గుండా ఎర్తు చేరుతుంది. 3 వాట్ల మీటరు దీపం పోనిచ్చేది పావు యాంపియరే. పాత పది వాట్ల ఫిలమెంటు బల్బులను ఎర్రబరచడానికి కూడా అది చాలదు కనుక ఇన్నాళ్లూ అవి చీకటిగానే ఉన్నాయి. ఎల్ఈడీకి మాత్రం అందులో కొద్ది భాగమే చాలు. అందుకే ఎదుటి వైపు కూడా వెలుగుతున్నది.

మీటరు దీపపు రెండు వైర్లనూ విడదీసి, ఒకదాన్ని ఎర్తుకు కలపండి. రెండోదానికి రెండు డయోడ్లు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే చిన్న భాగాలు) కలపండి. ఒకటి ఎడమ వైరు నుంచి, ఒకటి కుడి వైరు నుంచి రావాలి. వాటి వెండి గీత ఉన్న కొనలు రెండూ దీపం వైపే ఉండాలి. 1ఎన్4007 రకం డయోడు ఒక యాంపియరు దాకా తట్టుకుంటుంది. దాని కాళ్లకు టంకం వేసి, ఒక్కొక్కదానికీ విడిగా గొట్టం తొడిగి, హెడ్‌లైటు లోపల సర్దితే సరిపోతుంది. కొందరు ఇండికేటరు వైర్లకు రెసిస్టరు కట్టమంటారు. దాన్ని నేను సమ్మతించను. కరెంటు ఆదా కోసమే కదా ఎల్ఈడీ వేసుకున్నది, ఆ ఆదా అంతా రెసిస్టరు వేడిగా మార్చేస్తుంది. పైగా ప్లాస్టిక్ భాగాల పక్కన అంత వేడి మంచిది కాదు. నారింజ అద్దం లోపల తెల్ల ఎల్ఈడీ పాలిపోయినట్టు కనిపిస్తుంది, పట్టపగలు మరీను. నారింజ రంగు బల్బే కొనండి. జాతీయ రహదారి మీద మీ వెనక వచ్చే లారీ డ్రైవరుకు ఆ రంగు స్పష్టంగా కనిపించడం ముఖ్యం.

ప్రశ్న: నా ఆరు ఓల్టుల బుల్లెట్టు ఆగి ఉన్నప్పుడు ఇండికేటరు వెలిగి ఆరదు, కదలకుండా వెలుగుతుంది. యాక్సిలరేటరు ఇస్తే బాగానే పనిచేస్తుంది. ఎందుకని?
– ఒక పాఠకుడు, కోవూరు, నెల్లూరు జిల్లా

జవాబు: ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు ఛార్జింగు చాలదు, దీపాల భారమంతా బ్యాటరీదే. మీ బ్యాటరీ ఆ భారం మోయలేకపోతున్నది, అందుకే ఫ్లాషరు పట్టీ వంగేంత కరెంటు అందడం లేదు. రాత్రంతా ఉంచి ఉదయం బండి తీయకముందే మీటరుతో చూడండి. నిండుగా ఛార్జి అయిన ఆరు ఓల్టుల బ్యాటరీ 6.3 ఓల్టుల పైన చూపించాలి. 6 చూపిస్తే డిస్టిల్డ్ వాటరు మట్టం చూసి, బయట ఛార్జింగు పెట్టించండి. ఛార్జి చేసినా రెండు రోజులకే పడిపోతే బ్యాటరీ మార్చక తప్పదు. మార్చే ముందు టెర్మినళ్ల మీది తెల్ల బూజును వేడినీళ్లతో కడిగి, గట్టిగా బిగించి, మరోసారి పరీక్షించండి.