చెక్ భాషలో తోకకి ‘ఒత్సస్’ అనే మాట ఉండగా మెనూలో ‘ఒహాఞ్‌క’ అని ఎందుకు రాస్తారు?

రెండూ తోకే. కానీ ఒకటి వాడే చోట రెండోది నప్పదు.

ఒత్సస్ అన్నిటికీ పనికొచ్చే మాట. కుక్కైనా, ఎలుకైనా, బల్లైనా, చివరికి విమానం తోకైనా ఒత్ససే. ఇందులో ‘త్స’ని మన ‘చాప’, ‘చలి’లో చ లాగా పలకండి, ‘చెట్టు’లో చ లాగా కాదు. ఊనిక మొదటి అక్షరం మీద పడాలి. ఒక్క జాగ్రత్త: మగవాడి అంగానికి మొరటు మాట కూడా ఇదే. జంతువు గురించి అంటే ఏ ఇబ్బందీ లేదు, మనిషిని అంటే బూతు.

ఒహాఞ్‌క పుట్టుక ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆవు తోక విసిరి ఈగల్ని తోలుకోవడాన్ని చెక్‌లో ‘ఒహాఞెత్ సె’ అంటారు. ఆ క్రియకి ‘క’ ప్రత్యయం చేరితే ఒహాఞ్‌క, అంటే ఈగల్ని తోలుకునేది. గుర్రం, నక్కల కుచ్చు తోకకి వాడే ‘ఒహొన్’ కూడా ఈ కుటుంబమే. పోనీటెయిల్ జడని ‘కొఞ్‌స్కీ ఒహొన్’ (గుర్రం తోక) అంటారు.

వీటన్నిటికీ మూలం ‘హ్నాత్’, ‘హొనిత్’: తరమడం, తోలడం. వేట అనే అర్థమున్న ‘హొన్’, బండి ఇంజను డ్రైవ్‌కి వాడే ‘పొహొన్’ కూడా ఇక్కడివే. ఇంకా వెనక్కి వెళ్తే, చెక్‌కీ సంస్కృతానికీ ఉమ్మడి మూలమైన ఇండో-యూరోపియన్ భాషలో ‘కొట్టు’ అనే ధాతువు తగులుతుంది. సంస్కృతంలో ‘హన్’ అదే: హననం, శత్రుఘ్నుడు. అయితే రెండు చోట్లా ఉన్న ‘హ’ నే ఈ చుట్టరికానికి రుజువు అనుకుంటే పొరపాటు. చెక్ ‘హ’ పాత స్లావిక్ (చెక్, రష్యన్ లాంటి భాషలకి తల్లి భాష) ‘గ’ నుంచి మారింది, రష్యన్‌లో ఇప్పటికీ గ నే. సంస్కృత ‘హ’ వేరే దారిలో వచ్చింది. బంధుత్వం పట్టించేది శత్రుఘ్నలోని ‘ఘ్న’.

వేటగాళ్ళ భాషలో నక్క తోక ఒహాఞ్‌క, జింక తోక ‘కెల్క’, వేటకుక్క తోక ‘ప్రుత్’ (బెత్తం). వాళ్ళ దగ్గర ఒత్సస్ అంటే కొత్తవాళ్ళని ఇట్టే తెలిసిపోతుంది.

మెనూలో ‘హొవ్యెజీ ఒహాఞ్‌క’ అని ఉంటే గొడ్డు తోక మాంసం. కీళ్ళ దగ్గర ముక్కలు కోసి, సన్న సెగ మీద మూడు గంటలైనా ఉడికిస్తారు. తొందరపడితే ఎముకకి అంటుకున్న కండ రబ్బరులా సాగుతుంది. ‘ఒహాఞ్‌కొవా పొలేవ్‌క’ అంటే దాని సూపు. గొడ్డు మాంసం తిననివాళ్ళు ఆర్డరిచ్చే ముందు ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోవాలి.