ఇంకా తీరని కష్టానికి సాక్ష్యం ఏమని చెప్పను?

ప్రశ్న: వందనాలండి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఊరు. నాకు 41 ఏళ్లు. మావారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. రెండేళ్లుగా వారానికి రెండుసార్లు డయాలసిస్. తీసుకెళ్లడం, తీసుకురావడం, జీడితోట పని అన్నీ నేనే. బాబు ఇంటర్ చదువుతున్నాడు. మా ఆడపడుచు "ఒప్పుకోని పాపమేదో మీ ఇంట్లో ఉంది" అంటుంది. సంఘంలో ఒకాయన "విశ్వాసముంటే ఈ సూదులెందుకు?" అన్నారు. పాస్టరమ్మగారు మంచి మనసుతోనే, శ్రమల్లో దేవుడు నిన్నెంత ఎదిగించాడో వచ్చే స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పమంటున్నారు. నేనేమీ ఎదగలేదండి. మోకాళ్ల మీద ఉంటే మాట రాదు, దేవుడి మీద కోపం వస్తుంది. మొన్న మావారు నాకు తెలియకుండా చెంబుడు నీళ్లు తాగేశారు. గట్టిగా అరిచేశాను. బాబు విన్నాడు. ఇన్నేళ్ల విశ్వాసిని, ఇలా దిగజారిపోతున్నానేంటి?

జవాబు: అమ్మా, ముందు ఆ చెంబు సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాగా కనిపించింది అదే.

డయాలసిస్ మనిషికి దాహం ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, ఆయన మాత్రం బోండాం ముట్టకూడదు. అందులోని పొటాషియం ఒంట్లో పెరిగితే గుండెకే ప్రమాదం. తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేక ఒంట్లోనే ఉండిపోతాయి, కాళ్లు వాస్తాయి, రాత్రి పడుకుంటే ఆయాసం. అందుకే మీరు గ్లాసుతో కొలిచి ఇస్తున్నారు. రెండేళ్లుగా, రోజూ. ఆ రోజు మీరు అరిచింది ఆయన మీద ద్వేషంతో కాదు, భయంతో. అయినా అరుపు అరుపే. "కోపించుటకు నిదానించువాడు" అన్న మాట, శ్రమల గురించి చెప్పిన యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలోనే ఉంది. కాబట్టి ఆయన్ని క్షమాపణ అడగండి, బాబు వింటుండగా అడగండి. ఆ తర్వాత ఎండుచేపలు, ఆవకాయ కొన్నాళ్లు అటకెక్కించండి, ఉప్పు తగ్గితే దాహమూ తగ్గుతుంది. నోరు పుక్కిలించి ఉమ్మేయమనండి. చిన్న ఐసుముక్క చప్పరించమనండి, అదీ ఆ రోజు కొలతలోకే వస్తుందని మరిచిపోకండి.

ఇక శ్రమల్లో ఉన్నవాళ్లకి అందరూ వినిపించే ఆ యాకోబు వాక్యం. "మహానందమని యెంచుకొనుడి" అనేది మీకు ఎన్నిసార్లు వినిపించి ఉంటారో ఊహించగలను. నేనూ వినిపించినదాన్నే. ఏళ్ల కిందట, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి దగ్గర కూర్చుని దీన్ని కంఠతా చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. లేచి లోపలికెళ్లి టీ పెట్టింది. నా మాట వినలేకే లేచిందని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

యాకోబు శ్రమే ఆనందం అనలేదు. ఎంచుకోమన్నాడు, అంటే లెక్కలో వేసుకోమన్నాడు. ఎందుకంటే పరీక్ష ఓర్పును పుట్టిస్తుంది, ఆ ఓర్పును దాని పని దాన్ని చేసుకోనిస్తే మనిషి సంపూర్ణుడవుతాడు అని. మన బైబిల్లో ఓర్పు అని ఉన్నచోట గ్రీకు మాట హుపొమొనే. బరువు కింద నుంచి పారిపోకుండా అక్కడే నిలిచి ఉండటం అని దాని భావం. నవ్వుతూ నిలబడాలని అందులో లేదు. మంగళవారం తెల్లవారుజామున లేచి, ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపిన ఫిస్టులా మీద వేలు పెట్టి, రక్తం పారే ఆ జరజర వస్తోందో లేదో చూసుకుని బస్సెక్కడం ఉంది చూడండి, యాకోబు దాన్నే ఓర్పు అంటాడని నా నమ్మకం. ఎదగలేదు అంటున్నారు. రెండేళ్ల కిందట మిమ్మల్ని ఎవరైనా ఇది చెయ్యగలవా అని అడిగి ఉంటే ఏమనేవారు?

మరో సంగతి. ఆ మాట ఒక్క మనిషికి రాసింది కాదు, "నా సహోదరులారా" అని చెదిరిపోయిన విశ్వాసులందరికీ కలిపి రాసింది. సంఘమంతా కలిసి మోయాల్సిన దాన్ని మీ ఒక్కరి నెత్తిన పెట్టి, ఎంత ఎదిగావో చెప్పు అనడం నాకు సబబుగా అనిపించదు.

మీ ఆడపడుచు మాటకు జవాబు మీ ఊళ్లోనే ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడ చూసినా కిడ్నీ రోగులే. హిందువులు, క్రైస్తవులు, తాగేవాళ్లు, తాగనివాళ్లు. ఇన్నేళ్లుగా శాస్త్రజ్ఞులు వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పరీక్షిస్తున్నా ఇదీ కారణం అని గట్టిగా తేల్చలేకపోయారు. మరి మీ ఆడపడుచు అంత తేలిగ్గా ఎలా తేల్చేసింది? పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులూ ఇదే అడిగారు, ఎవడు పాపం చేశాడు, వీడా, వీడి కన్నవాళ్లా అని. ప్రభువు ఇద్దరూ కాదన్నాడు. యోహాను 9 తీసి ఆవిడకి చూపించండి. వాదన మాత్రం పెట్టుకోకండి, మీకు అంత ఓపిక మిగల్లేదు.

సూదులెందుకు అన్న ఆయన విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. ఎవరు ఏ ప్రవచనం చెప్పినా, ఏ నూనె రాసినా ఒక్క డయాలసిస్ కూడా మానొద్దు. మానితే ప్రాణం మీదికి వస్తుంది. పౌలు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు, లూకాను ప్రియమైన వైద్యుడన్నాడు. పౌలుకి విశ్వాసం తక్కువా?

దేవుడి మీద కోపం గురించి: చెప్పేయండి, ఆయనకే. 88వ కీర్తన చీకట్లో మొదలై చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు. అయినా అది ప్రార్థనల పుస్తకంలో ఉంది. యోబు ఎన్ని మాటలన్నాడో మీకు తెలుసు. చివరికి దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, దేవుడి తరపున చక్కగా వకాల్తా పుచ్చుకున్న అతని స్నేహితుల మీద. మాట రాకపోతే కీర్తన తీసి పెద్దగా చదవండి, ఆ పూటకి అది చాలు. ఒక మాట అడుగుతాను, దాచకండి. నిద్ర పడుతోందా? చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తోందా? వస్తుంటే ఈరోజే 14416కి ఫోన్ చెయ్యండి, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఏలీయా చావు కోరుకుని చెట్టు కింద పడుకుంటే దేవుడు ముందు ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు, అదీ రెండుసార్లు.

డయాలసిస్ వాళ్లకి నెలనెలా వచ్చే ప్రభుత్వ పింఛను మీకు వస్తోందో లేదో రాయలేదు. రాకపోతే ఆసుపత్రి కాగితాలు పట్టుకుని మీ ఊరి సచివాలయంలో అడగండి.

సాక్ష్యం సంగతి మీ ఇష్టం. నేనైతే ఇప్పుడే వద్దంటాను. ఎదిగిన కథ చెప్పాలని నిలబడితే లేని సంతోషం కూడగట్టుకోవాలి, అబద్ధం సాక్ష్యం కాదు. పాస్టరమ్మగారు మిమ్మల్ని ప్రేమించే మనిషిలా ఉన్నారు, ఆవిడతో నేరుగా ఇలా అనండి: "అమ్మగారూ, ఇప్పుడు చెప్పలేనండి. ఈ మంగళవారం మావారి వెంట సంఘం నుంచి ఎవరైనా ఆసుపత్రికి వెళ్తే, ఆ పూట నేను ఇంట్లో పడుకుంటాను."