ఒకే తోట వైన్ ఏడాదికో రకంగా ఎందుకు ఉంటుంది? నది, గాలి అంత తేడా చేస్తాయా?

చేస్తాయి. ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి దక్షిణాన ఉన్న సోటెర్న్ తీపి వైన్‌ని చూస్తే బాగా అర్థమవుతుంది.

అక్కడ సిరోన్ అనే చిన్న ఏరు అడవి నీడలో పారి, చల్లటి నీళ్లతో గరోన్ నదిలో కలుస్తుంది. గరోన్ నీళ్లు కాస్త వెచ్చన. శరత్కాలంలో ఈ తేడా వల్ల రాత్రిళ్లు పొగమంచు పుట్టి పొద్దున దాకా తోటల మీద ఉంటుంది. ఆ తేమకు పండిన ద్రాక్షకి బొట్రైటిస్ అనే బూజు పడుతుంది. బూజు పట్టిన పండుతో వైనా అనిపిస్తుంది కానీ, అసలు కిటుకు అదే. బూజు తొక్కకి కంటికి కనపడని చిల్లులు పెడుతుంది. మధ్యాహ్నం ఎండ, పొడిగాలి తగిలితే వాటిలోంచి నీరు ఆవిరైపోయి, లోపల తీపి, పులుపు చిక్కబడతాయి.

గాలి రాకుండా వాన పట్టుకుందా, అదే బూజు కుళ్లుగా మారి పంట పాడవుతుంది. మంచు సరిగా పడకపోతే బూజే రాదు. అందుకే కూలీలు సరిగ్గా ఎండిన పండ్లనే ఏరుతూ ఒకే తోటని చాలాసార్లు చుట్టి వస్తారు. అక్కడి ప్రసిద్ధ వైన్ తయారీ తోట షాటో డికెమ్ 2012 పంట నచ్చక, ఆ ఏడాది పేరుతో తన తీపి వైన్ అసలు విడుదలే చేయలేదు.

ఫ్రాన్స్ ఆగ్నేయాన ఉన్న రోన్ నది లోయలో కథ వేరు. ఉత్తరం నుంచి వీచే మిస్ట్రల్ గాలి వాన తడిని త్వరగా ఆరబెట్టేసి తెగుళ్లు తగ్గిస్తుంది, మరీ గట్టిగా వీస్తే లేత కొమ్మల్ని విరిచేస్తుంది.