గాలం కబుర్లు: రాత్రిపూట వాలై, చేత్తో కట్టిన జిగ్గులు

పోయిన నెల ఈరీ సరస్సు ఒడ్డు నుంచి రాత్రిపూట వాలై పట్టడం గురించి రాశాం కదా, దానికొచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జిగ్ (‘హెడ్’ అనే లోహపు గుండు ఉన్న గాలానికి వెంట్రుకలు కట్టి చేసే ఎర) ఇంట్లో ఎలా కట్టుకోవాలనే అడిగాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. ఈ చేప తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. వాలై అమెరికా, కెనడా మంచినీళ్ళలో ఉండే వేట చేప, పెర్చ్ కుటుంబం. కంటి లోపల వెనక వైపు వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది, అందుకని మసక చీకట్లో మిగతా చేపల కంటే బాగా చూస్తుంది, టార్చి పడితే కళ్ళు మెరుస్తాయి. చీకటి పడ్డాక చిన్న చేపల్ని తరుముకుంటూ ఒడ్డు రాళ్ళ దాకా వచ్చేస్తుంది. పడవ లేనివాళ్ళకి అదే మంచి అవకాశం.

ప్రశ్న: అన్నా, వీడియోలు చూసి బక్‌టెయిల్ (జింక తోక వెంట్రుకల) జిగ్గులు కట్టా, చూడ్డానికి షాపులో వాటికంటే బాగున్నాయి, ఒత్తుగా, మెరుపులు పెట్టి. చేప మాత్రం ముట్టట్లేదు. పక్కన ఒక పెద్దాయన నాలుగు వెంట్రుకలున్న బోడి జిగ్‌తో పడుతూనే ఉన్నాడు. ఎందుకంటావ్? — క్లీవ్‌ల్యాండ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, జవాబు నీ ఉత్తరంలోనే ఉంది, ఆ నాలుగు వెంట్రుకలే. రంగు, మెరుపు, కళ్ళు ఇవన్నీ తర్వాత, ముందు చూడాల్సింది జిగ్ నీళ్ళలో ఎలా దిగుతోంది అని. వాలై చాలాసార్లు జిగ్ కిందకి దిగేటప్పుడే అందుకుంటుంది, లాగేటప్పుడు కాదు. వెంట్రుకలు ఒత్తుగా కడితే జిగ్ తేలిపోతున్నట్టు ఉంటుంది, సరే అని బరువు హెడ్ వేస్తాం, అదేమో దబ్బున వెళ్ళి రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది. పైగా ఒత్తు జుట్టు అంతా ఒక ముద్దలా ఉండిపోతుంది, పల్చగా ఉంటే ఒక్కో వెంట్రుక విడివిడిగా ఊగుతుంది, నువ్వు లాగడం ఆపినా అది ఆడుతూనే ఉంటుంది. చల్లటి నీళ్ళలో ఈ కదలికే పని చేస్తుంది, చలికి ప్లాస్టిక్ తోకలు బిగుసుకుపోతాయి గానీ వెంట్రుకలు బిగుసుకోవు.

ఇప్పుడు కట్టే పద్ధతి. హెడ్ కొనేటప్పుడు మెడ దగ్గర ప్లాస్టిక్ తోక పట్టి ఉంచే ముల్లు ఉన్నవి వద్దు, మెడ నున్నగా ఉన్నవి తీసుకో, లేకపోతే దారం సరిగ్గా కూర్చోదు. గాలి లేని రాత్రి లోతు తక్కువ నీళ్ళకి 1/8 ఔన్సు, గాలి ఉంటే 1/4, ఇంతకుమించి ఒడ్డు నుంచి పెద్దగా అవసరం రాదు, నది ప్రవాహంలో అయితే 3/8 వేసుకోవచ్చు. దారం మందం 210 డెనియర్ సరిపోతుంది. హెడ్‌ని వైజ్‌లో (బల్లకి బిగించే పట్టకారులో) బిగించి ముందు మెడంతా దారంతో ఒక వరస చుట్టేయ్, వట్టి లోహం మీద వెంట్రుకలు జారిపోతాయి. తర్వాత బక్‌టెయిల్ నుంచి అగ్గిపుల్ల మందం పాయ కత్తిరించు. తోక మొదట్లో ఉండే వెంట్రుకలు లోపల గుల్ల, దారం బిగించగానే గొడుగులా విచ్చుకుంటాయి, అవి వద్దు, పైన మూడింట రెండు వంతుల్లోవి తీసుకో. పాయని వేళ్ళతో పట్టుకుని దువ్వితే పొట్టి వెంట్రుకలు, నూగు అంతా రాలిపోతుంది, అదంతా పారేయ్.

పాయని మెడ మీద పెట్టి రెండు చుట్లు వదులుగా వేసి అప్పుడు బిగించు, మొదటి చుట్టే గట్టిగా లాగితే పాయ మొత్తం గాలం ముల్లు చుట్టూ తిరిగిపోతుంది, కొత్తవాళ్ళందరికీ వచ్చే ఇబ్బంది ఇదే. పైన ఒకటి, కింద ఒకటి, పక్కలకి ఒక్కోటి, మొత్తం మూడు నాలుగు పాయలు చాలు. వెంట్రుకల పొడుగు గాలం ముల్లుకి రెండింతల దాకా ఉండొచ్చు, అంతకంటే పొడుగైతే చేప తోక మాత్రమే కొరికి వదిలేస్తుంది. మెరుపు పోగులు కావాలంటే రెండు మూడు పెట్టు, అక్కడితో ఆపు. చివర విప్ ఫినిష్ (దారం ఊడకుండా వేసే ముడి) రెండుసార్లు వేసి దారం మీద హెడ్ సిమెంట్ (గట్టిగా ఆరే జిగురు) రెండు పూతలు పూయాలి, అది లేకపోతే ఇక్కడి రాళ్ళకి ఒక్క రాత్రిలో దారం తెగిపోతుంది. నెయిల్ పాలిష్‌లో గట్టిగా ఆరే రకం వాడినా నడుస్తుంది.

ఆరాక బాత్ టబ్‌లో నీళ్ళు నింపి వేసి చూడు. సమంగా, నిదానంగా దిగాలి, వెంట్రుకలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి. లేదంటే కత్తెరతో ఇంకాస్త తీసేయ్. షాపు జిగ్గులు గాజు పెట్టెలో అందంగా కనపడాలి కాబట్టి ఒత్తుగా కడతారు, మనకి ఆ అవసరం లేదు.

ప్రశ్న: రాత్రి చీకట్లో రంగు కనపడుతుందా అసలు? గ్లో పెయింట్ మీద డబ్బులు పెట్టాలా? — మిషిగన్, నోవై నుంచి

జవాబు: వాలై కంట్లో రంగు చూసే కణాలు రెండు రకాలు, ఒకటి నారింజ ఎరుపు వైపు, ఇంకోటి పచ్చ వైపు. అందుకే సాయంత్రం వెలుతురు ఉన్నంతసేపు చార్‌ట్రూజ్ (పసుపు కలిసిన ఆకుపచ్చ), నారింజ బాగా పని చేస్తాయి. పూర్తిగా చీకటి పడ్డాక రంగుల సంగతి వెనకపడి ఆకారం, నలుపు తెలుపుల తేడా ముందుకొస్తాయి, చేప కింద నుంచి పైకి చూస్తుంది కాబట్టి ఆకాశం వెలుతుర్లో నల్లటిది, ముదురు ఊదాది స్పష్టంగా కనపడుతుంది. నా మాట అడిగితే రెండు రంగులు కట్టుకోండి చాలు, మడ్డి నీళ్ళకి తెలుపు, వెన్నెల ఉన్న తేట నీళ్ళకి నలుపు లేదా ఊదా. గ్లో పెయింట్ హెడ్ మీద చిన్న చుక్క చాలు, యూవీ టార్చితో కాసేపు వెలిగించి వేస్తే మడ్డి నీళ్ళలో ఉపయోగపడుతుంది. తేట నీళ్ళలో హెడ్ మొత్తం బల్బులా వెలగడం నాకు నచ్చదు.

పౌడర్ పెయింట్ వేసేవాళ్ళకి ఒక మాట, హెడ్‌ని వేడి చేసి పౌడర్‌లో ముంచాక గట్టిపడటానికి ఓవెన్‌లో పెట్టాలి, సుమారు 350 ఫారన్‌హీట్‌లో ఓ పావుగంట, ఆ ఓవెన్ వంటకి వాడేది అవ్వకూడదు. పాత టోస్టర్ ఓవెన్ గరాజ్‌లో పెట్టుకోండి. ఇదంతా వెంట్రుకలు కట్టకముందు చెయ్యాలి.

ప్రశ్న: సార్, జిగ్ విసిరాక ఏం చెయ్యాలి? వేగంగా లాగితే ఏం రావట్లేదు, నెమ్మదిగా లాగితే రాళ్ళకి పట్టుకుంటోంది. — ఒహాయో, లొరేన్ నుంచి

జవాబు: ముందు చోటు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గిజార్డ్ షాడ్, షైనర్ లాంటి చిన్న చేపలు హార్బర్లలోకి, నది మొగల్లోకి చేరతాయి, వాలై వాటి వెనకే వస్తుంది. ఒడ్డుకి గాలి కొడుతూ నీళ్ళు కొంచెం కలకగా ఉన్న వైపు, బ్రేక్‌వాల్ (అలల్ని ఆపే రాళ్ళ గోడ) మలుపు, నది వచ్చి సరస్సులో కలిసే చోటు, దీపం వెలుతురు పడి పక్కనే చీకటి మొదలయ్యే గీత, ఇలాంటివి చూసుకోండి. ఈరీ ఒడ్డున చాలామంది పొడుగాటి ప్లగ్గులు (చేప ఆకారం గట్టి ఎరలు) విసురుతారు, అవీ మంచివే, కానీ అలలు తక్కువున్న రాత్రి, చేపలు అంత ఊపుగా లేనప్పుడు వెంట్రుకల జిగ్‌కే నా ఓటు.

విసిరాక జిగ్ దిగేటప్పుడు లైన్ కొద్దిగా బిగుతుగా పట్టుకుని మనసులో లెక్కపెట్టండి. అడుగు తగిలే లెక్క తెలిశాక, తర్వాతి సారి దానికంటే ఒకటి రెండు ముందే ఆపి లాగడం మొదలుపెట్టండి, అప్పుడు రాళ్ళకి పైనే నడుస్తుంది. లాగడం అంటే రీల్ నిదానంగా తిప్పడం, మధ్యలో రాడ్ కొన జానెడు ఎత్తి వదిలెయ్యడం, ఎత్తినప్పుడు కాదు వదిలినప్పుడు జాగ్రత్తగా ఉండాలి. చేప పట్టిన గుర్తు ఒక చిన్న టక్, లేదా లైన్ ఉన్నట్టుండి బరువెక్కడం, ఒక్కోసారి జిగ్ అడుగుకి చేరాల్సిన టైమ్‌కి చేరకపోవడం కూడా చేపే. చీకట్లో లైన్ కనపడదు కాబట్టి ఈ స్పర్శ అంతా వేలికి తెలియాలి, దానికోసమే 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), చివర మూడు నాలుగు అడుగులు ఫ్లోరోకార్బన్ లీడర్ (లైన్‌కీ జిగ్‌కీ మధ్య కట్టే వేరే తీగ), ఏడడుగుల మీడియం లైట్ రాడ్. ఇంకా రాళ్ళకి తగులుతుంటే లాగే వేగం పెంచొద్దు, హెడ్ ఒక సైజు తగ్గించండి. హెడ్‌ల్యాంప్ నీళ్ళ మీద వెయ్యకండి, ముడి వేసుకోవాలంటే వెనక్కి తిరిగి వేసుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. మావారు సీసం కరిగించి హెడ్లు తనే పోసుకుంటానంటున్నారు. ఫరవాలేదా? — మినియాపోలిస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇంట్లో వద్దనే చెప్పండి, ఇందులో మొహమాటం లేదు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పైన తేరుకునే బూడిద, పోసేటప్పుడు రాలే పొడి నేల మీద, బట్టల మీద పడుతుంది, చిన్నపిల్లలు నేల మీద ఆడి చేతులు నోట్లో పెట్టుకుంటారు, వాళ్ళ మెదడు ఎదుగుదలకి సీసం కొంచెమైనా చెడే. తయారైన హెడ్లు కొనుక్కుంటే పోతుంది, ఇంకా మంచిది టంగ్‌స్టన్ లేదా బిస్మత్, టిన్ కలిపినవి. ధర ఎక్కువే, కానీ టంగ్‌స్టన్ సీసం కంటే చిక్కటి లోహం కాబట్టి అదే బరువుకి హెడ్ చిన్నగా ఉంటుంది. సీసం హెడ్లతో కట్టినా పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి, వంటింటి బల్ల మీద కట్టకూడదు.

మీ రాష్ట్ర పక్షి లూన్ సంగతి కూడా మీవారికి చెప్పండి. అది తిన్నది అరగడానికి గులకరాళ్ళు మింగుతుంది, వాటితో పాటు తెగిపడిన సీసం ముక్కలు, లేదా జిగ్ ఇరుక్కున్న చేప మింగితే ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి. న్యూ హాంప్‌షైర్‌లో అందుకే ఔన్సు, అంతకంటే తక్కువ బరువున్న సీసం జిగ్గుల్ని నిషేధించారు.

ప్రశ్న: మార్చిలో మామీ నదిలోకి వాలై గుంపులుగా వస్తాయంట, క్లాసులయ్యాక రాత్రి వెళ్తే బాగుంటుందా అన్నా? — టొలీడో నుంచి ఒక స్టూడెంట్

జవాబు: రాత్రి వద్దు తమ్ముడూ. గుడ్లు పెట్టడానికి వచ్చే సీజన్ అది, మార్చి 1 నుంచి మే 1 దాకా అక్కడ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే పట్టాలి, ఒకే మొన ఉన్న గాలమే వాడాలి, నోట్లో కాకుండా ఒంటికి గుచ్చుకుని వచ్చిన చేపని వదిలెయ్యాలి. ఈరీ వాలైకి ఒహాయోలో కనీసం 15 అంగుళాలు, మనిషికి రోజుకి ఆరు. ఏటా కొత్త రూల్ బుక్ వస్తుంది, వెళ్ళేముందు అది చూసుకో.

ప్రశ్న: నవంబర్లో మా నాన్నగారు ఇండియా నుంచి వస్తున్నారు, గోదావరిలో గాలం వేసిన మనిషి, ఆయన్ని తీసుకెళ్ళొచ్చా? చలి, చీకటి అని మా ఇంట్లోవాళ్ళకి భయం. — ఒహాయో నుంచి

జవాబు: తప్పకుండా తీసుకెళ్ళండి, ఆయనకి నాన్ రెసిడెంట్ లైసెన్స్ తీసుకోండి, ఒక రోజుది, మూడు రోజులది కూడా దొరుకుతాయి. ఇంట్లోవాళ్ళ భయం మాత్రం నిజమైన భయమే, దాన్ని తేలిగ్గా తియ్యకండి. ఈరీ లోతు తక్కువ సరస్సు, సగటున 62 అడుగులే, గాలి తిరిగితే అలలు చాలా తొందరగా లేస్తాయి. బ్రేక్‌వాల్ రాళ్ళ మీద పడిన నీళ్ళు నవంబర్ చివరికి గడ్డకట్టి కనపడని పొరలా ఉంటాయి, అక్కడి నుంచి జారితే ఆ చలి నీళ్ళలో ఈత వచ్చినవాళ్ళకి కూడా చేతులు కాళ్ళు పని చెయ్యవు. పెద్దవాళ్ళతో రాళ్ళ మీదకి వెళ్ళనే వద్దు, రెయిలింగ్ ఉన్న పియర్ (నీళ్ళలోకి కట్టిన వంతెన లాంటిది) చూసుకోండి. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, బూట్లకి ఇనుప ముళ్ళ పట్టీలు, పొడుగు కర్ర ఉన్న వల, ఇద్దరికీ చెరో దీపం. గాలి సూచన ఒక్కసారి కాదు, బయల్దేరే ముందు మళ్ళీ చూడండి, అనుమానం ఉంటే ఆ రాత్రి మానెయ్యండి. చేప పైకొచ్చాక ఆయన అలవాటు కొద్దీ మొప్పల దగ్గర చెయ్యి పెడతారేమో, వాలై మొప్ప అంచు చేతిని కోసేస్తుంది, పళ్ళు కూడా పదునే, ముందే చెప్పండి.

ప్రశ్న: అంతర్వేది దగ్గర మొగలో పండుగప్పకి ఈ వెంట్రుకల జిగ్ పని చేస్తుందా? జింక వెంట్రుకలు ఎక్కడ దొరుకుతాయి? — భీమవరం నుంచి

జవాబు: జింక వెంట్రుకల జోలికి వెళ్ళకండి. మన జింకలు, దుప్పులు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, వాటి వెంట్రుకలు కొన్నా అమ్మినా కేసే. మేక తోక వెంట్రుకలు పొడుగ్గా, మెత్తగా ఉంటాయి, జిగ్‌కి చక్కగా కుదురుతాయి, కోడిపుంజు మెడ ఈకలు కూడా బాగుంటాయి. సబ్బు నీళ్ళలో కడిగి ఎండబెట్టి వాడండి. పండుగప్ప కూడా చీకట్లో వేటాడే చేపే, దాని కళ్ళు కూడా టార్చికి మెరుస్తాయి, కాబట్టి నిదానంగా దించడం, పల్చగా కట్టడం అక్కడా పనికొస్తుంది. సామాను మాత్రం మారాలి. 1/8 ఔన్సు హెడ్‌లో ఉండే సన్న ముల్లుని పండుగప్ప వంచేస్తుంది, ఉప్పు నీటికి తుప్పు పట్టని మందపాటి ముల్లు, 30 నుంచి 40 పౌండ్ల లీడర్ పెట్టుకోండి. ఆటుపోట్ల ప్రవాహంలో హెడ్ అర ఔన్సు దాకా కావాల్సి రావచ్చు. నీళ్ళు తీసే వేళ, కాలవ వచ్చి మొగలో కలిసే మూల దగ్గర మొదలుపెట్టండి.

ప్రశ్న: వాలైతో పులుసు బాగుంటుందా? — డెట్రాయిట్ నుంచి

జవాబు: మాంసం తెల్లగా, గట్టిగా, కొవ్వు తక్కువ, పైక్ చేపలో లాంటి రెండు పాయల ముళ్ళు ఉండవు, కాబట్టి పిల్లలకి పెట్టడానికి హాయి. పులుసు కంటే వేపుడుకి ఎక్కువ నప్పుతుందని నా అభిప్రాయం. పులుసే కావాలంటే చింతపండు పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక చివర్లో ముక్కలు వేసి గరిట పెట్టకుండా గిన్నె తిప్పండి. పెద్ద వాలైలో పాదరసం ఎక్కువ పేరుకుంటుంది, తినడానికి చిన్నవి ఉంచుకుని పెద్ద ఆడచేపల్ని వదిలెయ్యండి, గర్భిణులు, పిల్లలు వారానికి ఎంత తినొచ్చో రాష్ట్రం వాళ్ళు సరస్సుల వారీగా పట్టిక వేస్తారు, అది చూసి వండండి.