హిమేజీ కోట: అత్తమామల్ని పైకి ఎక్కించాలా?

జపాన్‌లోని ఒసాకా వచ్చి నాలుగు నెలలైందట. మార్చి ఆఖర్లో అత్తమామలు వస్తున్నారు, హిమేజీ కోట చూపించాలి, మామయ్యగారు గట్టిగానే ఉన్నారు గానీ అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, తీసుకెళ్లొచ్చా అని ఒకమ్మాయి అడిగింది. ఫిబ్రవరి వచ్చిందంటే ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నేను కోబేలో పదమూడేళ్లుగా ఉంటున్నాను. ఊరి నుంచి ఎవరొచ్చినా హిమేజీ డ్యూటీ నాదే. అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

తీసుకెళ్లమ్మా. కానీ అత్తయ్యగారిని పై అంతస్తు దాకా ఎక్కించకు.

"గోల్కొండ ఎక్కినవాళ్లం, ఇదెంత" అని మామయ్యగారు అంటారు. మా నాన్న కూడా అన్నారు. గోల్కొండలో రాతిమెట్లు. అలసిపోతే మెట్టు మీదే చతికిలబడొచ్చు, కాళ్లకి చెప్పులుంటాయి. ఇక్కడ ప్రధాన భవనం మొత్తం చెక్క. 1609లో కట్టింది, అప్పటి భవనమే ఇంకా నిలబడి ఉంది. బయటి నుంచి అయిదంతస్తులు కనిపిస్తాయి. లోపల ఆరు, కింద నేలమాళిగ ఒకటి. మెట్లంటే మెట్లు కావు, మన అటక ఎక్కే నిచ్చెనలే. గుమ్మంలో చెప్పులు విప్పించి ఒక సంచి ఇస్తారు, దాన్ని చేత్తో మోసుకుంటూ తిరగాలి. నున్నటి చెక్క మీద సాక్సులతో నడక.

మా అమ్మ వచ్చినప్పుడు నాకు ఇంత తెలియదు. చీరలోనే తీసుకెళ్లాను. ఒక చేతిలో చెప్పుల సంచి, ఇంకో చేత్తో కుచ్చిళ్లు, ఇక రైలింగ్ పట్టుకునేదెవరు? రెండంతస్తులు ఎలాగో ఎక్కింది. మూడో దాంట్లో "నా వల్ల కాదే" అని గోడ పక్కన కూలబడింది. ఎక్కే మెట్లు వేరు, దిగే మెట్లు వేరు, వెనకేమో లైను. వెనక్కి తిరిగి దిగుదామంటే జనం పైకి వస్తూనే ఉన్నారు. నాకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. చివరికి అక్కడి సిబ్బందిలో ఒక పెద్దాయన మా అవస్థ చూసి దిగే మెట్ల వైపు దారి చూపించాడు. అమ్మ ఒక్కో మెట్టూ వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టే దిగింది.

అక్కడ కూర్చున్న పది నిమిషాల్లో అమ్మ గమనించిన దాన్ని నేను అంతకుముందు రెండుసార్లు వెళ్లి కూడా చూడలేదు. భవనం నడిమధ్య రెండు మహా స్తంభాలు కింద నుంచి పైదాకా వెళ్తాయి. వాటిలో పడమటిదానికి మూడో అంతస్తు దగ్గర అతుకు ఉంది. "ఇదేంటే, రెండు మానులు కలిపారు?" అంది. నిజమే. 1956 నుంచి 1964 దాకా కోటని ఊడదీసి మళ్లీ కట్టినప్పుడు పడమటి స్తంభం మార్చాల్సి వచ్చింది. రెండు మానుల్ని అతికి నిలబెట్టారు. మా తాత ఇళ్లకి దూలాలు ఎత్తించిన వడ్రంగి, అమ్మ కన్ను అలాంటివాటి మీదే పడుతుంది.

ఇప్పుడు డబ్బుల సంగతి. 2026 మార్చి నుంచి టికెట్ మనిషికి 2500 యెన్లు. హిమేజీ ఊరివాళ్లకైతే 1000, పద్దెనిమిది లోపు పిల్లలకి ఉచితం. "మాకు రెసిడెన్స్ కార్డు ఉంది కదా" అని కొత్తవాళ్లు అడుగుతారు. అది జపాన్‌లో ఉంటున్నట్టు కార్డు, హిమేజీలో ఉంటున్నట్టు కాదు. ఒసాకావాళ్లకీ 2500లే. నలుగురికి పదివేలు. ఎక్కలేని మనిషికి కూడా టికెట్ కొని, సగంలో దింపి, ఆమె మనసు కష్టపెట్టడం ఎందుకు?

దీనికి రెండు మార్గాలున్నాయి. టికెట్ గేటు కోట మైదానం మొదట్లో ఉండదు, బాగా లోపల ఉంటుంది. కందకం దాటి ముందు వచ్చే సన్నోమారు అనే పెద్ద పచ్చిక మైదానానికి టికెట్టే లేదు. తెల్లటి కోట నిండుగా కనిపించేది అక్కడి నుంచే. సకురా (చెర్రీ పూలు) పూసినప్పుడు దుప్పట్లు పరుచుకుని ఊరంతా కూర్చునేదీ అక్కడే. అత్తయ్యగారిని అక్కడ కూర్చోబెట్టు. ఆమెతో ఒకళ్లు ఉండండి, మిగతావాళ్లు లోపలికి వెళ్లి రండి.

లేదా ఆమె నెమ్మదిగా నడవగలిగితే టికెట్ కొని లోపలికి తీసుకెళ్లు, భవనం మాత్రం ఎక్కించకు. నాకు ఇదే ఇష్టం. ఏటవాలు దారులు, అక్కడక్కడ రాతిమెట్లు ఉంటాయి, చేయి పట్టుకోవాలి. కానీ ఈ కోట తెలివంతా ఆ దారుల్లోనే ఉంది. కోట ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, దారి మాత్రం మనల్ని పక్కకి లాక్కుపోతుంది. వాకిళ్లకి ఇ, రో, హ, ని అని పేర్లు. వాళ్ల పాత అక్షరమాల వరస అది, మనం అ వాకిలి, ఆ వాకిలి అన్నట్టు. ఒకచోట తల వంచితే గానీ దూరలేం. గోడల్లో గుండ్రంగా, మూడు పలకలుగా, నిలువుగా కంతలు ఉంటాయి, తుపాకులకీ బాణాలకీ. ఇంత చేసి ఈ కోట మీద ఒక్క యుద్ధం కూడా జరగలేదు. అసలు ప్రమాదం 1945లో వచ్చింది. విమానాలు ఊరి మీద బాంబులు వేస్తే ఊరు కాలిపోయింది. కోట మీద కూడా ఒకటి పడింది గానీ అది పేలలేదు. మెయిజీ కాలంలో, అంటే పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇదే కోటని వేలం వేస్తే 23 యెన్ల 50 సెన్లకి పోయిందని చెప్పుకుంటారు.

పెద్దవాళ్లకి తప్పకుండా చూపించాల్సింది మాత్రం ఒక రాయి. వాయవ్య మూల చిన్న బురుజు కింద రాతిగోడలో, తీగల వల వేసి కాపాడుతుంటారు. అది తిరగలి రాయి. ఇప్పటి భవనానికి ముందు ఇక్కడ హిదెయోషి అనే సేనాపతి కోట కట్టిస్తున్నప్పుడు రాళ్లు చాలక ఇబ్బంది పడుతున్నాడని విని, మోచీలు (బియ్యపు ముద్దలు) కాల్చి అమ్ముకునే ఒక ముసలావిడ తన తిరగలి రాయి తెచ్చి ఇచ్చిందట. అది విని ఊరివాళ్లందరూ రాళ్లు మోసుకొచ్చారని కథ. ఎంత చిన్నదంటే, చూపించకపోతే దాటిపోతాం. అమ్మ వల దగ్గరికి వంగి చూసి "పాపం, మళ్లీ పిండి ఎట్లా విసురుకుందో" అంది.

ఓకికు బావి కూడా లోపలే ఉంది. పది పళ్లేల్లో ఒకటి దాచేసి పనమ్మాయి మీద దొంగతనం మోపారనీ, ఆమె చనిపోయి రాత్రిళ్లు ఆ బావిలోంచి తొమ్మిది దాకా లెక్కపెట్టి ఆగిపోతుందనీ కథ. పిల్లలుంటే సాయంత్రం చెప్పకండి, రాత్రి మీకే నిద్ర ఉండదు.

తెల్లదనం గురించి కూడా అడుగుతారు. అది పెయింటు కాదు, సున్నం. సున్నంలో జనపనార, సముద్రపు నాచు జిగురు కలిపి పూస్తారు. మన పాత ఇళ్ల గచ్చుకి పిన్నమ్మ కూతురు అనుకోవచ్చు. గోడలకే కాదు, పెంకుల మధ్య అతుకులకి కూడా పూస్తారు. అందుకే పక్క నుంచి చూస్తే పైకప్పు కూడా తెల్లగా కనిపిస్తుంది. మరమ్మతులు పూర్తయి 2015లో తెరిచినప్పుడు మరీ తెల్లగా ఉందని జపాన్‌వాళ్లే వెక్కిరించారు. ఇప్పుడు కాస్త నెరిసి, చూడ్డానికి బాగుంది.

మోకాళ్లు అస్సలు సహకరించవంటే ఒసాకా కోట చూపించు. అక్కడ లిఫ్ట్ ఉంది. "అది కాంక్రీటుది కదా, డూప్లికేటు" అని కొందరు తీసిపారేస్తారు, నేను ఒప్పుకోను. 1931లో ఊరివాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్నది. హిదెయోషి కట్టినది 1615లో యుద్ధంలో పోయింది, తర్వాత ఏలిన తొకుగావా వంశంవాళ్లు కట్టినది 1665లో పిడుగు పడి కాలిపోయింది. మూడింటిలో ఎక్కువ కాలం బతికింది ఈ కాంక్రీటుదే. అయినా ఒసాకాలో చూడాల్సింది రాళ్లు. సకురామోన్ వాకిలి దాటగానే ఎదురుగా ఉన్న రాయి ఒక్కటే వంద టన్నులకి పైగా ఉంటుందంటారు.

రైలు తేలికే. ఒసాకా స్టేషన్లో షిన్‌కైసొకు అనే ఫాస్ట్ రైలు ఎక్కితే గంట, టికెట్ 1500 యెన్ల చిల్లర. బోర్డు మీద అబోషి అనో బన్షూ అకో అనో ఉంటే కంగారు పడొద్దు, అవి కూడా హిమేజీ మీదుగానే పోతాయి. మామూలు సీట్లకి రిజర్వేషన్ ఉండదు, కాబట్టి పెద్దవాళ్లతో లైన్లో ముందు నిలబడు. షింకన్‌సెన్ బుల్లెట్ రైలుకి డబ్బు తగలేయకు. స్టేషన్ బయటికి రాగానే తిన్నటి రోడ్డు చివర కోట కనిపిస్తుంది, నడిస్తే పదిహేను ఇరవై నిమిషాలు. బస్సు కూడా ఉంది.

మార్చి ఆఖరంటే సకురా, సకురా అంటే జనం. రద్దీ రోజుల్లో భవనంలోకి నంబరు చీటీలు ఇస్తారు. తొమ్మిదికి తెరిచేసరికి అక్కడ ఉండేట్టు చూసుకో. మధ్యాహ్నం తర్వాత పక్కనే కోకోఎన్ తోటలోకి వెళ్లండి. తొమ్మిది చిన్న తోటలు, చేపల చెరువు, నీడ, కూర్చోడానికి చోటు. దాని టికెట్ వేరే, ధర తక్కువ.

తిండి సంగతి. శాకాహారులైతే స్టేషన్లో ఊరించే నూడుల్స్ జోలికి పోకండి, రసంలో చేప ఉంటుంది. ఓదెన్ అనే ఉడకబెట్టిన వంటకం కూడా అంతే. ఈ ఊరి ప్రత్యేకత ఆల్మండ్ టోస్ట్, స్టేషన్ చుట్టుపక్కల కాఫీ షాపుల్లో దొరుకుతుంది. బాదం, వెన్న, రొట్టె, అంతే. అయినా పులిహోర డబ్బా పట్టుకెళ్లు. మైదానంలో అందరూ డబ్బాలు విప్పుతారు, మనల్ని వింతగా చూసేవాళ్లుండరు. చెత్త వెయ్యడానికి మాత్రం డబ్బాలు కనపడవు, ఒక కవరు బ్యాగులో పెట్టుకుని అన్నీ ఇంటికే తెచ్చుకోండి.

మామయ్యగారు పైకి ఎక్కుతారు కాబట్టి అరికాలికి రబ్బరు చుక్కలున్న సాక్సులు కొనివ్వు. పొద్దున పూట చెక్క నేల చల్లగా కూడా ఉంటుంది. అత్తయ్యగారు ఎక్కకపోయినా ఆవిడకీ ఒక జత కొను, అయిదు వేళ్లు విడివిడిగా ఉండే రకం. మామూలు సాక్సుల్లో మెట్టెలు వేళ్లకి ఒత్తుకుని మా అమ్మ రోజంతా సణిగింది.