ఇల్లు కొనేటప్పుడు లాయరు ఎవరి మనిషి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బరంపురంలో ఒక పాత ఇల్లు బేరం కుదిరింది. కాగితాలు చూడటానికి బ్రోకరుగారే ఒక లాయరును చూపిస్తానంటున్నారు. ఎలాగూ లోను తీసుకుంటున్నాం, బ్యాంకు లాయరు చూస్తాడు కదా, మళ్లీ ఇంకో ఖర్చెందుకని మా మావగారు అంటున్నారు. సొంతంగా లాయరును పెట్టుకోవాలా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: పెట్టుకోవాలమ్మా. బ్యాంకు ప్యానెల్ లాయరు చూసేది ఆ ఇల్లు అప్పుకు హామీగా నిలుస్తుందా లేదా అని. రిపోర్టు బ్యాంకు ఫైల్లోకి పోతుంది, మీ చేతికి రాకపోవచ్చు. ముప్పై లక్షల ఇంటికి పదిహేను లక్షలే లోను తీసుకుంటే బ్యాంకు దిగులు ఆ పదిహేను లక్షల మేరకే, మిగతా సగం గురించి అడిగేవాళ్లు ఉండరు. ఇక బ్రోకరు తెచ్చే లాయరు సంగతి చెప్పనక్కర్లేదు. బేరం చెడగొట్టిన లాయరుకు ఏ బ్రోకరూ రెండోసారి పని ఇవ్వడు.

కోర్టులో గొంతు బాగా వినిపించే లాయరే కావాలని లేదు. సివిల్ పని చేస్తూ తహసీల్, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల రికార్డులు చదవగలిగిన మనిషి చాలు. మొదటి రోజే అడగండి: అమ్మేవాళ్లకు గానీ బ్రోకరుకు గానీ మీరు పని చేస్తున్నారా? రికార్డు మీరే చూస్తారా, గుమస్తాను పంపుతారా? ఎన్నేళ్లు వెనక్కి వెళతారు? 30 ఏళ్లకు తగ్గకుండా చూడమనండి. అభిప్రాయాన్ని సంతకం పెట్టి రాసిస్తారా? ఈ చివరి ప్రశ్నకు ‘నోటితో చెబుతాలెండి’ అన్న జవాబు వస్తే ఇంకొకరిని చూసుకోవడమే మేలు.

లాయరును కలవాల్సింది బయానా ఇచ్చాక కాదు, ఇవ్వకముందు. చాలామంది అడ్వాన్సు ఇచ్చేసి, రిజిస్ట్రేషన్‌కు వారం ముందు ఫైలు పట్టుకెళతారు. అప్పటికి లోపం బయటపడినా ‘సర్దుకుపోదాం’ అనే మాటే మిగులుతుంది. బయానా అగ్రిమెంటును కూడా ఆయన చేతే రాయించండి. టైటిలు (యాజమాన్య హక్కు) సరిగా లేదని తేలితే ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కి రావాలో అందులో ఉండాలి. బయానా నగదుగా ఇవ్వకండి, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదు.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరయిన అమ్మకాలు, తనఖాలు చూపే సర్టిఫికెట్టు) ‘నిల్’ అని వస్తే చాలామంది నిశ్చింత పడతారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరయిన పత్రాలు మాత్రమే, అవీ మీరు దరఖాస్తులో ఇచ్చిన నంబర్లకు దొరికినవే. ఒడిశాలో సర్వే సెటిల్‌మెంట్ జరిగాక ప్లాటు నంబర్లు మారతాయి: పాతదాన్ని సాబిక్ అంటారు, ఇప్పటిదాన్ని హాల్. హాల్ నంబరు ఒక్కటే ఇచ్చి వెతికిస్తే సాబిక్ నంబరు మీద జరిగిన తనఖా ఈసీలోకి రాకుండా పోవచ్చు. అందుకే రెండు నంబర్లతోనూ వెతికించి, ఏది ఏదిగా మారిందో పట్టిక తయారు చేయమని లాయరుకు చెప్పండి. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కూడా ఈసీలో పడకపోవచ్చు, దానికి బ్యాంకు తనఖాలు నమోదయ్యే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్టరు విడిగా చూడాలి. కోర్టులో దావా ఉందేమో కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో అమ్మేవారి పేరుతో వెతకాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒరిజినల్స్ కళ్లతో చూడటం. జిరాక్సు మీద ఇచ్చిన అభిప్రాయం జిరాక్సంత బలంగానే ఉంటుంది.

ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో తీసిన ఆర్‌ఓఆర్‌కు (హక్కుల రికార్డు, అంటే పట్టాకు) వెనక పేజీ కూడా ఉంటుంది. కిసం (భూమి రకం) అన్న గడిలో ‘ఘరబారి’ అని ఉంటే ఇంటి స్థలం. ‘శారద’ అని ఉంటే అది ఇంకా వరి పొలమే, పైన మేడ కట్టి ఉన్నా సరే. ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద పొలం ఇంటి స్థలంగా మారిన కాగితం అడగండి.

ప్రశ్న: మేము కొంటున్న స్థలం పాత దస్తావేజు తెలుగులో ఉంది, పట్టా ఒడియాలో ఉంది. పేర్లు కూడా కొంచెం తేడాగా ఉన్నాయి. లాయరుగారు పట్టించుకోవద్దంటున్నారు.
– ఛత్రపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: పట్టించుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే, అందుకే ఈ జిల్లాలో పాత పత్రాలు తెలుగులో దొరుకుతాయి. రెండు లిపులూ చదవలేని లాయరు పాత పత్రాన్ని ‘సరే’ అని పక్కన పెట్టేస్తారు. ఇంటిపేరు ముందుండే మన పద్ధతి ఒడియా రికార్డులో తిరగబడుతుంది. ‘బొడ్డు అప్పలస్వామి’ ఒకచోట ‘బి. అప్పలస్వామి’, మరోచోట ‘అప్పలస్వామి బొడ్డు’ అవుతాడు. సబ్‌రిజిస్ట్రారు దగ్గర పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి విడివిడిగా ఉంటాయి. పేర్ల సూచికలో అన్ని రూపాలతోనూ వెతికించాలి. ఇద్దరూ ఒకరే అన్న అఫిడవిట్ ఇచ్చి ఊరుకోకుండా, వీలైతే తహసీల్లో ఆర్‌ఓఆర్ మీద పేరు దిద్దించాకే కొనండి.

మరో ఉచ్చు కొలతల్లో ఉంది. ఒడిశా గుంట ఎకరంలో 25వ వంతు, అంటే నాలుగు డెసిమళ్లు, సుమారు 193.6 చదరపు గజాలు. తెలంగాణలో గుంట ఎకరంలో 40వ వంతు, 121 గజాలే. డెసిమల్, మన సెంటు ఒకటే, 48.4 గజాలు. నోటి మాటలో గుంటలు చెప్పుకున్నా, దస్తావేజులో ఎకరం, డెసిమళ్లు, చదరపు అడుగులు మూడూ రాయించి, చెక్కుబంది నాలుగు వైపులా అమీనుతో (సర్వేయరుతో) కొలిపించండి. దస్తావేజు ఒడియాలో రాస్తే, సంతకానికి ముందు రోజు దాన్ని మీకు తెలుగులో చదివి వినిపించడం కూడా లాయరు పనే.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఇల్లు అమ్ముతున్నాయనకు ఇద్దరు అక్కలున్నారు, ఒకరు పలాసలో, ఒకరు విజయనగరంలో. ‘పెళ్లిళ్లయి పోయాయి, వాళ్లకేం సంబంధం’ అంటున్నారు.
– ఎం., పర్లాకిమిడి

జవాబు: ఆ ఇల్లు తండ్రి సొంత సంపాదన అయి, ఆయన వీలునామా రాయకుండా పోతే, భార్య, కొడుకు, కూతుళ్లు అందరికీ సమానవాటా. పూర్వీకుల ఆస్తి అయినా 2005 సవరణ తర్వాత ఆడపిల్లలకు కొడుకులతో సమాన హక్కు ఉంది. తెల్లకాగితం మీద ‘అభ్యంతరం లేదు’ అన్న రాతతో వాటా పోదు. అక్కలిద్దరూ అమ్మకందార్లుగా సంతకం పెట్టాలి, లేదా రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రం ఇవ్వాలి. పర్లాకిమిడి దాకా రాలేకపోతే, తాము ఉండే ఊరి సబ్‌రిజిస్ట్రారు ముందు పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపవచ్చు. తహసీల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్టులో ఎంతమంది ఉన్నారో లాయరు లెక్కపెట్టి చూడాలి.

ప్రశ్న: రాయగడలో గిరిజనుల స్థలం చవగ్గా వస్తోంది. ‘వేరే పేరు మీద పెట్టి దారి చూపిస్తాను’ అని ఒక లాయరు అంటున్నారు.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ఆ లాయరును వదిలేయండి. రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు మొత్తంగా షెడ్యూల్డు ప్రాంతాలు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి బదిలీని కట్టడి చేసే 1956 నాటి రెండో రెగ్యులేషన్ సవరణ 2002 సెప్టెంబరు 4న అమల్లోకి వచ్చాక అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మినా చెల్లదు, భూమిని వెనక్కి ఇప్పించే అధికారం ప్రభుత్వానికి ఉంది. బినామీ పెడితే ఇంకో కేసు తోడవుతుంది. ఈరోజు అమ్మేవాడు గిరిజనేతరుడైనా, 1956 తర్వాత ఏ దశలో గిరిజనుల చేతి నుంచి వచ్చిందో, అప్పటి అనుమతి పత్రం ఎక్కడుందో చూడాల్సిందే. షెడ్యూల్డు ప్రాంతం కానిచోట కూడా ఎస్సీ, ఎస్టీల భూమి ఇతరులు కొనాలంటే భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి ఉండాలి.

ప్రశ్న: ఫీజు ఎలా మాట్లాడుకోవాలి?
– జయపురం

జవాబు: వెతుకులాటకు, అభిప్రాయానికి ఒక మొత్తం, దస్తావేజు రాతకు ఒకటి, రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్‌కు ఒకటి అని విడివిడిగా రాయించుకోండి. ‘రిజిస్ట్రేషన్ అయితేనే ఇవ్వండి’ అనే మాట వినడానికి బాగుంటుంది, కానీ ‘కొనొద్దు’ అని చెబితే ఆయనకే నష్టం కదా. స్టాంపు డ్యూటీ మగవారికి 5, మహిళలకు 4 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. ఇవి ప్రభుత్వానికి కట్టేవి, ఫీజులో కలిపి ఒకే అంకె చెబితే విడదీయమనండి. మ్యుటేషన్ అయి ఆర్‌ఓఆర్‌లో మీ పేరు కనిపించేదాకా చివరి వాయిదా చేతిలోనే ఉంచుకోండి.