అమాయకత్వం ఎక్కడ పోయింది? ఎదిగే వయసు కథల్లో ప్రతీకలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: హార్పర్ లీ 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' మాకు పాఠ్యాంశం. పిల్లల అమాయకత్వం కోర్టు తీర్పుతో పోతుందనీ, దానికి ప్రతీక మాకింగ్‌బర్డ్ పిట్ట అనీ గైడ్లలో ఉంది. పరీక్షలో అంతవరకు రాస్తే సరిపోతుందా?
– ఎం.ఏ. విద్యార్థిని, నెల్లూరు

జవాబు: మార్కులు రావచ్చు. కానీ 1960లో వచ్చిన ఆ నవలలో అసలు అందం అలా రాస్తే జారిపోతుంది. చేయని నేరానికి నల్లజాతివాడు టామ్ రాబిన్సన్‌ను దోషిగా తేల్చే తీర్పు వచ్చేది 21వ అధ్యాయంలో. కథ చెప్పే స్కౌట్ అన్న జెమ్‌కి మొదటి దెబ్బ 7వ అధ్యాయంలోనే తగిలింది, పొరుగున ఉండే రాడ్లీ వాళ్ల ఓక్ చెట్టు తొర్ర దగ్గర.

ఆ తొర్రలో దొరికినవాటిని వరసగా రాసుకోండి. 4వ అధ్యాయంలో ముందు రెండు చూయింగ్ గమ్ ముక్కలు, తర్వాత రెండు పాత నాణేలు. 7వ అధ్యాయంలో దారపు ఉండ, సబ్బుతో చెక్కిన రెండు బొమ్మలు, గమ్ ప్యాకెట్, పాత పతకం, చివరికి ఆగిపోయిన జేబు గడియారం, చిన్న కత్తి. గమ్ ఏ పిల్లలకైనా ఇవ్వొచ్చు. సబ్బు బొమ్మలు మాత్రం ఈ ఇద్దరి పోలికలతోనే ఉన్నాయి. అంటే ఇస్తున్న మనిషి వీళ్లను రోజూ చూస్తున్నాడు. పిల్లలు కృతజ్ఞతగా ఉత్తరం రాసి, తొర్రలో పెడదామని వెళ్లేసరికి అక్కడ సిమెంటు. చెట్టు చచ్చిపోతోంది, అందుకే పూడ్చానంటాడు నేథన్ రాడ్లీ. జెమ్ వెళ్లి తండ్రిని అడుగుతాడు. ఆకులు పచ్చగా ఉన్నాయి, చెట్టుకేమీ లేదంటాడు అట్టికస్. ఆ సాయంత్రం జెమ్ చీకటిపడేదాకా వరండాలోనే నిలబడి లోపలికి వస్తాడు. వాడు ఏడ్చాడని స్కౌట్ ముఖం చూసి పోల్చుకుంటుంది, ఎందుకో మాత్రం ఆమెకు అందదు.

పెద్దమనిషి ఒకడు తడుముకోకుండా అబద్ధమాడి, ఇంకొకరి స్నేహాన్ని మూసేయగలడని జెమ్‌కి ఆ రోజు తెలిసింది. చెల్లెలికి తెలియలేదు. ఒకే సంఘటన ఇద్దరు పిల్లలకు రెండు రకాలుగా అందడం, ఆ మధ్య ఖాళీలో పాఠకుడు నిలబడడం, ఇదీ లీ పనితనం. కోర్టులో జరిగేది దీనికి పెద్ద రూపం.

ఇక పిట్ట సంగతి. మాకింగ్‌బర్డ్‌ని చంపడం పాపమని తండ్రి చెప్పేది, అది పాడడం తప్ప ఎవరికీ హాని చేయదు గనక పాపమని పొరుగింటి మిస్ మాడీ వివరించేది 10వ అధ్యాయంలో. టామ్ రాబిన్సన్ చనిపోయాక పాటలు పాడే పిట్టల్ని చంపడంతో ఆ చావును పోల్చి పత్రిక సంపాదకుడు రాసేది 25లో. తొర్రలో ఆ కానుకలు పెట్టిన, ఇల్లు కదలని బూ రాడ్లీని (నేథన్ తమ్ముడు) వీధికి ఈడిస్తే అదీ మాకింగ్‌బర్డ్‌ని కాల్చినట్టే కదా అని స్కౌట్ తనే అనేది 30లో. నవలలో అలాంటి పిట్ట ఒక్కటీ చావదు. పదో అధ్యాయంలో తండ్రి నోట విన్న మాట ముప్పయ్యో అధ్యాయానికి కూతురి సొంత మాట అయింది. ఆమె ఎదిగిందనడానికి ఇంతకన్నా గట్టి రుజువు మరొకటి లేదు.

జవాబులో 'అమాయకత్వం కోల్పోయారు' అని వదిలేయకండి. ఎవరు, ఏ అధ్యాయంలో, ఏమని నమ్మేవారు, ఏం తెలుసుకున్నారు, ఈ నాలుగూ రాయండి. 25వ అధ్యాయం మొదట్లో గుండ్రంగా చుట్టుకునే చిన్న పురుగును స్కౌట్ నలపబోతే జెమ్ ఆపుతాడు. దాన్ని వదలొద్దు. లోకం తెలిసిన పిల్లవాడు మొద్దుబారక మరింత మెత్తబడడం అక్కడుంది, గైడ్లు దాన్ని దాదాపుగా పట్టించుకోవు.

ప్రశ్న: తొమ్మిదేళ్ల పిల్ల, ఆమె సాకిన లేగదూడ మీద కథ రాశాను. చివర్లో దూడ జబ్బుచేసి చనిపోతుంది. రెండు పత్రికలు తిప్పి పంపాయి. ప్రతీక అతికించినట్టుందని ఒక సంపాదకుడు అన్నారు. ఎలా సరిదిద్దాలి?
– కథకుడు, కరీంనగర్

జవాబు: దూడను ఉంచండి, జబ్బును తీసేయండి. జబ్బుతో చస్తే పిల్లకు దుఃఖం కలుగుతుంది. దుఃఖం వేరు, అమాయకత్వం పోవడం వేరు. రెండోది జరగాలంటే పిల్లకు ముందొక నమ్మకం ఉండాలి, అది నిజం కాదని ఆమె తనంతట తాను కనిపెట్టాలి.

అప్పు తీర్చడానికి నాన్న దూడను సంతలో అమ్మేసి, చచ్చిపోయిందని ఇంట్లో చెప్పాడనుకోండి. దూడ మెడలో గంట ఉంది. దూడే చచ్చిపోతే గంట ఇంట్లో మిగలాలి కదా. ఎంత వెతికినా కనబడదు. 'గంటేది నాన్నా?' అని అడుగుతుంది. నాన్న దండెం మీది తువ్వాలు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోతాడు. ఇప్పుడు గంట కథకు అలంకారంగా కాక సాక్ష్యంగా నిలబడింది.

రెండువేల పదాల కథలో గంట మూడుసార్లు కనబడితే చాలు. మొదటి మూడొందల పదాల్లో అది పనిచేస్తూ కనబడాలి: పొద్దుగూకాక దూడ ఎటుపోయిందో పిల్ల గంట చప్పుడును బట్టే పట్టుకుంటుంది. నడుమ ఒక్క వాక్యం, నాన్న గంట తాడు బిగించి కట్టాడని, అంతే. చాలామంది కథను చెడగొట్టుకునేది ఈ నడుమ చోటే. ఆ గంట ఆమెకు ప్రాణమనీ, బాల్యమనీ అక్కడ వివరణ మొదలుపెడతారు. అలా చెప్పగానే పాఠకుడికి ముగింపు తెలిసిపోతుంది. మూడోది ఆ ప్రశ్న, పదహారొందల పదాలు దాటాకే రావాలి. ప్రశ్న తర్వాత నూటయాభై పదాలకు మించనివ్వకండి. నాన్న అబద్ధం చెప్పాడని పిల్ల చేత అనిపించొద్దు.

ఇంకో ప్రమాదం ఉంది. అప్పు సంగతి ముందే చూపకపోతే నాన్న దుర్మార్గుడిగా మిగులుతాడు, పిల్ల నేర్చుకున్నదీ చిన్నదైపోతుంది. అప్పిచ్చినాయన మొదట్లోనే ఒకసారి ఇంటికి రావాలి. ఆయన తెచ్చే బిస్కెట్ల కోసం పిల్ల ఎదురుచూడాలి. ఆ రాకకు అర్థం ఆమెకు చివర్లో తట్టాలి. రాయడం అయ్యాక గంట ఉన్న వాక్యాలన్నీ కొట్టేసి ఒకసారి చదవండి. కథ ఎక్కడా తెగకుండా సాగిందంటే గంట ఇంకా పైపూతగానే ఉందన్నమాట, మళ్లీ రాయాల్సిందే.

ప్రశ్న: విలియం గోల్డింగ్ నవల 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్'లో, దీవిలో చిక్కుకున్న పిల్లల్లో ఒకడైన పిగ్గీకి హ్రస్వదృష్టి (దూరంవి సరిగా కనబడవు). వాడి కళ్లద్దాలతో పిల్లలు నిప్పు రాజేస్తారు, నిజానికి వాటితో నిప్పు పుట్టదు. ఇంత తప్పున్నప్పుడు ఆ ప్రతీకకు విలువేముంటుంది?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, అనకాపల్లి

జవాబు: మీరు చెప్పింది నిజం. హ్రస్వదృష్టికి వాడే పుటాకార కటకం కిరణాలను విడదీస్తుంది, నిప్పు పుట్టాలంటే వాటిని ఒకచోటికి చేర్చే కుంభాకార కటకం కావాలి. 1954లో గోల్డింగ్ చేసిన పొరపాటే అది. అయినా ప్రతీక నిలబడింది. కారణం, కథలో కళ్లద్దాలకు గట్టి పని ఉంది: అవి ఎవరి దగ్గరుంటే నిప్పు వాళ్లది. ఒక అద్దం పగలడం, రాత్రివేళ దాడిచేసి మిగిలినదాన్ని ఎత్తుకుపోవడం, ప్రతిసారీ అధికారం చేయి మారుతుంది. శంఖం కూడా అంతే, అది చేతిలో ఉన్నవాడికే సభలో మాట్లాడే హక్కు. అది ముక్కలయ్యేది 11వ అధ్యాయంలో, పిగ్గీ చావుతోపాటు. కానీ కొండమీద శంఖం చెల్లదని వేటగాళ్ల నాయకుడు జాక్ 2వ అధ్యాయంలోనే అనేశాడు, బీట అక్కడే పడింది. మీరు రాసేటప్పుడు మాత్రం వస్తువు నిజంగా ఎలా పనిచేస్తుందో ముందు సరిచూసుకోండి. తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

ప్రశ్న: సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'లో అక్క దాచిన పూసల దండ దొరికితే అపు తల్లికి ఎందుకు చెప్పడు?
– పాఠకురాలు, బెంగళూరు

జవాబు: పొరుగింటివాళ్ల దండ దొంగిలించిందని నింద పడ్డప్పుడు, తీయలేదనే చెప్పింది అపు అక్క దుర్గ. తర్వాత జబ్బుచేసి చనిపోయింది. దండ చూడగానే ఆమె తీసిందని అపుకి తెలిసిపోయింది. చెబితే అక్క మళ్లీ దొంగ అవుతుంది, ఈసారి సమాధానం చెప్పుకోవడానికి ఆమె లేదు. అందుకే చెరువులోకి విసిరేస్తాడు. అప్పటిదాకా పెద్దవాళ్ల రహస్యాలు వాడికి తెలియవు, ఇప్పుడు వాడి దగ్గరే ఒక రహస్యం చేరింది. 1955 నాటి ఆ సినిమాలో ఈ సన్నివేశం మాటలేకుండా నడుస్తుంది. దండ పడ్డచోట విచ్చుకున్న నాచు తిరిగి మూసుకోవడం ఒక్కటే రాయ్ చూపిస్తాడు. మాట పెట్టకపోవడం వల్లే అది అంత లోతుకు దిగింది.

ప్రశ్న: ఇలాంటి కథ పిల్లల గొంతుతో చెప్పాలా, పెద్దయ్యాక గుర్తుచేసుకుంటున్నట్టు చెప్పాలా?
– కొత్త రచయిత్రి, డాలస్

జవాబు: మొదటిసారి రాస్తుంటే రెండోదే మేలు. స్కౌట్ కథ అలాగే నడుస్తుంది: చూసేది ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఎదిగే పిల్ల, చెప్పేది పెద్దయిన మనిషి. మాటలు పెద్దవాళ్లవి వాడుకోవచ్చు, తెలివిడి మాత్రం ఆ వయసుదే ఉండాలి. 'అప్పుడు నాకు తెలియదు గానీ' అనే వాక్యం ఒకసారికి మించి వచ్చిందంటే రెండోది కొట్టేయండి, అది జరగబోయేదాన్ని ముందే బయటపెడుతుంది. పిల్లల గొంతే కావాలనుకుంటే కథ పన్నెండొందల పదాలు దాటనివ్వకండి, ప్రతి పేరా పైకి చదువుతూ ఆ వయసు పిల్లలు ఇంట్లో అనని మాటలన్నీ తీసేయండి.